మోటరు కుండ

కారు తలుపు తీసే ముందు వహీద్ బానెట్ మీద అరచెయ్యి పెడతాడు. రాత్రంతా నిలిచి ఉన్న కారైనా అంతే. చలికాలపు పొద్దున రేకు మీద మంచు తడి ఉన్నా అంతే. అయిదు వేళ్లూ విడదీసి, పసిబిడ్డ నుదుటి మీద పెట్టినట్టు పెట్టి, కాసేపు ఆగుతాడు. ఆ తరువాతే జేబులోంచి తాళంచెవి తీస్తాడు.

రామన్నపేట బస్టాండు దగ్గర చాయ్ తాగేవాళ్లకు అది కాలక్షేపం.

"జొరం తగ్గిందా భాయ్?" అని ఎవరో ఒకరు అడుగుతారు.

"గోళీ ఏసిన. పండుకున్నది," అంటాడు వహీద్.

వాళ్లు నవ్వుతారు. అతను నవ్వడు.

అలవాటు తండ్రిది. తండ్రి ఫక్రుద్దీన్ చిట్యాల రోడ్డు నుంచి రామన్నపేటకు జట్కా తోలేవాడు. గుర్రాన్ని బండికి కట్టే ముందు దాని మెడ మీద చెయ్యి ఆనించేవాడు. "నోరు లేనిదానికి ఒళ్లే నోరు," అనేవాడు. ఒక ఎండాకాలం ఆ మెడ కాలింది. ఆ పూట ఆయన బండి కట్టలేదు. పొద్దు గూకే వేళకు గుర్రం పోయింది. ఫక్రుద్దీన్ మళ్లీ గుర్రాన్ని కొనలేదు. కొడుకు లారీ మీద క్లీనరుగా వెళ్లాడు.

లారీ మీద వహీద్ చాలా రోడ్లు చూశాడు. స్టీరింగు పట్టడం నేర్చాడు. తరువాత చౌటుప్పల్‌లో నూనె మిల్లు యజమాని దగ్గర డ్రైవరుగా కుదిరాడు. యజమాని కొత్త కారు కొన్నప్పుడు పాత అంబాసిడర్‌ను వహీద్‌కు తక్కువకే ఇచ్చేశాడు. అప్పటికే దాని తెల్లరంగు పాలిపోయింది. వెనక సీటు స్ప్రింగు ఒకటి కూర్చున్నవాళ్లను పొడిచేది. భార్య రబియా దాని మీద బొంత పరిచి కుట్టింది. పెళ్లిళ్లకూ, ఉర్సులకూ, దవాఖానకూ ఆ కారు కిరాయికి తిరిగేది.

వహీద్ ఇల్లు మగ్గాల వాడ చివర. పక్క ఇల్లు లక్ష్మీనర్సమ్మది. ఆమె కొడుకు సిద్దిరాములు మగ్గం నేసేవాడు. కోడలు ఆండాళు కండెలు చుట్టేది. వాళ్ల మగ్గపు కొట్టం ముందు రేకుల పంచ ఉండేది. దాని నీడన వహీద్ కారు నిలిపేవాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు. అట్లా జరిగింది.

ఆ వాడకు ఒక కట్టుబాటు ఉంది. పడుగుకు గంజి పెట్టే పొద్దున బండి ఏదీ కదలకూడదు. నూలు పోగులను వీధి పొడవునా కర్రల మీద సాగదీసి, ఇద్దరు మనుషులు అటూ ఇటూ నడుస్తూ కుంచెతో గంజి రాస్తారు. తడి పోగుల మీద దుమ్ము పడితే నేత చెడిపోతుంది. పొద్దున్నే కిరాయి ఉన్న రోజు వహీద్ తెల్లవారకముందే కారును చేత్తో నెట్టుకుంటూ వాడ దాటించి, రోడ్డెక్కాక స్టార్టు చేసేవాడు.

ఇంకొకటి లక్ష్మీనర్సమ్మ పెట్టుకున్నది. వహీద్ బయలుదేరే వేళకు ఆమె నిండు కుండతో ఎదురు వచ్చేది. బానెట్ ఎత్తి ఉంటే ఆ నీళ్లే రేడియేటరులోకి పోయేవి. కుండ తిరిగి ఇస్తూ వహీద్ "పోయొస్త అవ్వా," అనేవాడు. "నిండుగ పోయి నిండుగ రా," అనేది ఆమె. శకునమూ అయ్యేది, బండికి నీళ్లూ అయ్యేవి. ఏళ్లపాటు అట్లా సాగింది.

తొంభయ్యో సంవత్సరం ఎండాకాలంలో అది ఆగిపోయింది.

ఆ పొద్దున వీధిలో సిద్దిరాములు పడుగే పరిచి ఉంది. సగం గంజి పట్టింది, సగం పట్టలేదు. కడుపుతో ఉన్న ఆండాళుకు నెలలు ఇంకా నిండలేదు. నొప్పులు ముందే వచ్చాయి. మంత్రసాని లోపలికి వెళ్లి వెంటనే బయటికి వచ్చింది. "నాతోని కాదు, నల్లగొండకు తోల్కపోండ్రి," అంది. సిద్దిరాములు కుంచె కింద పడేశాడు. నలుగురు కలిసి తడి పడుగును ఎత్తి గోడ వైపు జరిపారు. పోగులు చిక్కుపడ్డాయి. ఎవరూ చూడలేదు. వహీద్ బానెట్ ఎత్తి "నీళ్లు! నీళ్లు!" అని అరిచాడు. లక్ష్మీనర్సమ్మ కుండ ఎత్తుకుని పరుగెత్తి వచ్చింది. లోపల ఆండాళు కేకలు. వహీద్ కుండ అందుకుని కుమ్మరించి, మూత తిప్పి, ఆండాళునూ సిద్దిరాములునూ ఎక్కించుకుని బయలుదేరాడు.

నార్కెట్‌పల్లి దాటాక ఇంజను వేడి చూపే ముల్లు పైకి లేచింది. చెరువుగట్టు కనిపించే చోట బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. ఇంజను బిగుసుకుంటుందని వహీద్ కారు ఆపాడు. అటూ ఇటూ రాళ్లు, తంగేడు పొదలు. ఇల్లు లేదు, బావి లేదు. చల్లారేదాకా ఆగాలి. అతను ఆగలేకపోయాడు. మూత మీద గుడ్డ వేసి తిప్పాడు. ఆవిరి ఎగజిమ్మి కుడి చెయ్యి మోచేతి దాకా ఉడికింది. చివరికి ఒక లారీ ఆపి ఆండాళును ఎక్కించారు. దవాఖానకు చేరేసరికి ఆలస్యమైంది. మగపిల్లవాడు. ఏడవలేదు.

సిద్దిరాములు వహీద్‌ను ఏమీ అనలేదు. కట్టు కట్టిన చెయ్యి చూసి, "నువ్వేం జేస్తవు భాయ్. మా రాత," అన్నాడు. ఆ మాట కంటే తిడితే బాగుండుననిపించింది వహీద్‌కు. తిట్టుకు బదులు చెప్పవచ్చు.

లక్ష్మీనర్సమ్మ అన్నది. అతనితో కాదు. వాకిట్లో కూర్చుని, వచ్చిన ప్రతివాళ్లతో, గోడకు ఇవతల వినపడేటట్టు అన్నది.

"బండి గాదది. నా మనమన్ని మింగిన నోరు."

కుండతో ఎదురు రావడం మానేసింది. వహీద్ కారును పంచ కింద నుంచి తీసి, తన గోడ పక్కన ఎండలో పెట్టుకున్నాడు. కొన్నాళ్లకు సిద్దిరాములు వచ్చి, కారును నెట్టి మళ్లీ పంచ కింద నిలిపాడు. తల్లి అటు తిరిగి కూర్చుంది.

ఆ రోజు తరువాత కారు మునుపటిలా లేదు. చిట్యాల చేరకముందే కాగేది. వహీద్ డబ్బా నీళ్లు డిక్కీలో పెట్టుకుని తిరిగేవాడు. కింద బిరడా విప్పి రేడియేటరును ఎన్నోసార్లు కడిగాడు. తెల్లటి మడ్డి వచ్చేది. ఆ నేల నీళ్లు అటువంటివి. కాచిన గిన్నెకు తెల్లగా పొర కడతాయి. మనుషుల పళ్లకు గార పట్టిస్తాయి, మోకాళ్లు వంచుతాయి. కారును కూడా ఆ నీళ్లే పట్టుకున్నాయని అందరూ అన్నారు. వహీద్ కూడా అదే అనుకున్నాడు. అనుకున్న ప్రతిసారీ తన తప్పు తనకు కనిపించేది. ముందే కడిగి ఉండవలసింది. చెయ్యి పెట్టి చూశాడు కదా, లోపల ఏముందో తెలియలేదు.

కొత్త రేడియేటరు మాట అతను ఎత్తలేదు. ఎత్తే స్థితి లేదు. కిరాయిలు జీపులకు పోయాయి. "కాగే కారు" అని పేరు పడింది. ఉల్లిగడ్డల సంచులు, తౌడు బస్తాలు, దగ్గరి ఊళ్లు, అంతవరకే.

మరుసటి ఏడు ఆండాళు మళ్లీ కడుపుతో ఉంది. నల్లగొండలో డాక్టరమ్మ చూసి, ఈసారి నొప్పులు మొదలు కాగానే తీసుకురావాలని, ఆపరేషన్ చేయవలసి వస్తుందని చెప్పింది. ఆలస్యం చేస్తే తల్లికి కూడా ప్రమాదమని సిద్దిరాములును పక్కకు పిలిచి చెప్పింది.

వైశాఖం వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆండాళు నడుము పట్టుకుని వహీద్ ఇంటి గడపలో కూర్చుంది. రబియా నీళ్లు ఇచ్చింది.

"వదినె, అన్నకు చెప్పు. నేను గీ మోటర్లనే పోత."

రబియా భర్త వైపు చూసింది. వహీద్ నేల చూశాడు.

"చిట్యాల జీపు మాట్లాడిండట గద సిద్దన్న," అన్నాడు.

"మాట్లాడిండు. గా జీపుల నడుమ దారిల పదిమందిని ఎక్కించుకుంటరు. నాకు నొప్పులొస్తే ఆపుతరా, ఉరుకుతరా? వాళ్లకు నేనెవరు?"

"బిడ్డా, గిది కాగుతాంది."

"ఎరుకే."

"మల్ల గట్లనే అయితే?"

ఆండాళు అతని కుడిచేతి మీద ముడుతలు పడిన చర్మాన్ని చూసింది.

"నువ్వు నా కోసం చెయ్యి కాల్చుకున్నవు. ఇంకెవరన్న కాల్చుకుంటరా అన్నా?"

గోడ అవతల నుంచి లక్ష్మీనర్సమ్మ గొంతు వినిపించింది. "ఆండాళూ! ఏడ కూసున్నవే? మల్ల ఆ నోట్లెకే పోతనంటున్నవా?"

"ఇంటున్న అత్తా, వస్తున్న," అని ఆండాళు లేచింది. లేస్తూ, "బాగు చేసుకరా," అని మాత్రం అన్నది.

మరునాడు తెల్లవారుజామున వహీద్ కారు తీసుకుని చిట్యాల వెళ్లాడు. దారిలో రెండుచోట్ల ఆగి చల్లార్చాడు. పక్క సీటు మీద ఒక పాత గొడుగు, ఒక సంచిలో చింతపండు ఉన్నాయి. గొడుగు రబియాది.

"ఎండల నేను పోవాలె గని, మోటరుకు గొడుగు కావాల్నా?" అని ఆమె ఇవ్వనంది. తరువాత తెచ్చి సీటు మీద పెట్టింది.

చిట్యాలలో రోడ్డు పక్క రేకుల షెడ్డు దశరథానిది. బిందెలకూ, స్టవ్వులకూ, రేడియేటర్లకూ మాటు వేస్తాడు. వహీద్ లారీ మీద తిరిగే రోజుల నుంచి స్నేహం.

"ఏం భాయ్, చాయ్ పెట్టుకొచ్చినవా?" అన్నాడు, ఆవిరి చూసి.

"తాగుతవా?"

"నీ మోటరు చాయ్ తాగి బతికినోడు లేడు."

అన్నాక తనే నాలుక కరుచుకున్నాడు. చిట్యాల దాకా ఆ కథ తెలుసు. వహీద్ బానెట్ ఎత్తి పట్టుకున్నాడు. దశరథం పానా అందుకున్నాడు.

రేడియేటరును విప్పి రెండు ఇటుకల మీద నిలిపారు. కింది రంధ్రం మూసి, చింతపండు ఉడికించిన నీళ్లు పోశారు. సున్నపు పొర అయితే పులుపుకు కరగాలి. నీళ్లు తెల్లబడాలి. ఇద్దరూ బీడీ కాల్చుకుంటూ కూర్చున్నారు. రోడ్డు మీద సిమెంటు లారీలు పోతున్నాయి. ఎండ ఎక్కింది. దశరథం బిరడా తీశాడు. నీళ్లు కొద్దిగా మాత్రమే తెల్లబడి వచ్చాయి. వాటి వెంట జిగురుగా ఏదో సాగింది.

దశరథం వేలితో తీసి చూశాడు.

"గిది సున్నం కాదే."

"మరేంది?"

"తల తీస్తెగని తెల్వది."

పైతొట్టి మాటు కరిగించి ఊడదీశాడు. లోపల సన్నటి రాగి గొట్టాలు వరుసగా ఉన్నాయి. సగానికి పైగా నోళ్లు మూసుకుపోయి ఉన్నాయి. వహీద్ గొడుగు ఇనుప పుల్లలు విరిచి ఇచ్చాడు. దశరథం వాటిని సుత్తితో చదునుగా కొట్టి, ఒక్కొక్క గొట్టంలోకి దింపి మెల్లగా ఆడించాడు. గట్టిగా తోస్తే రాగి చిరుగుతుంది. పైన తెల్లపొర పెచ్చులుగా రాలింది. దాని కింద ఉన్నది రాలలేదు. చర్మంలా లేచి వచ్చింది. ఎండి, మాడి, అట్టు అడుగులా ఉంది. తడి తగిలేసరికి మళ్లీ జిగురైంది.

దశరథం ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"నూనె వాసన. గంజి భాయ్ గిది. గంజిల నూనె కలుపుతరు సూడు, మగ్గపోళ్లు. గదే. ఇంజన్ల అట్లు పోసుకున్నవు గద!"

వహీద్ ఇంకో పుల్ల అందించాడు.

తరువాతి పుల్ల కొసకు చిన్న పోగు చుట్టుకుని వచ్చింది. వేలెడంత కూడా లేదు. దశరథం నీళ్లలో జాడించాడు. ఎర్రటి నూలు.

"కుంచెకు అంటుకొని ఊడిపడ్డ పోగు," అన్నాడు. "ఎవరు పోసిండ్రు?"

వహీద్ పోగును అరచేతిలోకి తీసుకున్నాడు. కిందటి ఏడు సిద్దిరాములు పరిచిన పడుగు ఎరుపు. గోడ వైపు ఎత్తి పడేసిన పోగులు ఎరుపు. వాటి పక్కన కుండలు వరుసగా ఉన్నాయి. కొన్నిటిలో గంజి, కొన్నిటిలో నీళ్లు. లక్ష్మీనర్సమ్మ పరుగెత్తి వచ్చిన వైపు వాకిలి కాదు, వీధి. ఇంట్లోకి పోయి బానలో ముంచుకుని రాలేదు. చేతికి అందిన కుండ ఎత్తుకుని వచ్చింది. మనుమడు పుట్టబోయే పొద్దున నిండు కుండ ఎదురు తేవాలని వచ్చింది. పలుచటి గంజి. ఆ వెలుతురులో నీళ్లలాగే ఉండి ఉంటుంది. బరువు తేడా తన చేతులకు తెలిసి ఉండవలసింది. తెలియలేదు.

"భాయ్, నిన్నే. ఎవరు పోసిండ్రు?"

"నేనే పోసిన," అన్నాడు వహీద్.

అది అబద్ధం కాదు.

పొద్దు వాలేదాకా పని సాగింది. గొట్టాలన్నీ తెరుచుకున్నాక దశరథం పైతొట్టి పెట్టి మళ్లీ మాటు వేశాడు. మూత లోపలి రబ్బరు పోయింది. సైకిల్ ట్యూబు కోసి కొత్త చుట్టు పెట్టాడు. పగిలిన నీళ్ల రబ్బరు గొట్టానికి అదే ట్యూబు ముక్క బిగించి తీగతో కట్టాడు. నీళ్లు నింపి ఇంజను చాలాసేపు నడిపించారు. ముల్లు సగం దగ్గర ఆగింది. అక్కడే ఉండిపోయింది.

"ఇగ నుంచి నీళ్లు నువ్వే పట్టుకో. సూసి పొయ్యి," అన్నాడు దశరథం. కూలి మాట వస్తే, "ఆ పిల్ల దవాఖానకెళ్లి మంచిగ వచ్చినంక మాట్లాడుదాం, పో," అన్నాడు.

ఇంటికి వచ్చాక వహీద్ చొక్కా జేబులోంచి పోగు తీసి రబియాకు చూపించాడు. చెప్పవలసింది కొద్దిగానే ఉంది. చెప్పాడు.

రబియా చేతిలోని చేట కింద పెట్టింది. "ఇప్పుడే పోయి చెప్పు. ఏడాది సంది నీ గోడకు మొఖం పెట్టి తిడుతాంది ముసల్ది. పొయ్యి సూపెట్టు. నీ మోటరు కాదు, నీ కుండనే అని చెప్పు."

"చెప్త. చెప్పినంక?"

"నీ పేరు నిలవడ్తది. కిరాయిలు మల్ల వస్తయి."

"ఆమెకు?"

రబియా చేట మళ్లీ తీసుకుని, చెరిగిన బియ్యమే మళ్లీ చెరిగింది.

కొంతసేపటికి, "తెల్వక తెచ్చింది. నువ్వు తెల్వక పోసినవు," అన్నది. "అయినా ఆమె అన్ని మాటలు అనకుండ ఉండాల్సింది."

"అనాల్సింది," అన్నాడు వహీద్. "ఎవరినో ఒకరిని అనకపోతే ఆమెకు నిద్రెట్ల పడ్తది?"

తనకూ పడలేదని అతను చెప్పలేదు. రబియాకు తెలుసు.

పోగును మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. పారేయలేకపోయాడు. ఏడాదిగా మోసిన బరువుకు అది సాక్ష్యం. చూపించాలనిపించేది. సిద్దిరాములు ఎదురుపడినప్పుడు చెయ్యి జేబు దాకా వెళ్లేది. లక్ష్మీనర్సమ్మ వాకిట్లో ఎవరితోనో గొంతు పెంచినప్పుడు కాళ్లు గోడ దాకా వెళ్లేవి. అక్కడి నుంచి తిరిగి వచ్చేవాడు.

నొప్పులు మధ్యాహ్నం వచ్చాయి. ఎండ నడినెత్తిన ఉంది. రోడ్డు మీద తారు మెత్తబడే వేళ. సిద్దిరాములు జీపు కోసం మనిషిని పంపాడు. జీపు పెళ్లికి పోయిందని కబురు వచ్చింది. ఆండాళు అప్పటికే పంచ కింద కారు పక్కన నిలబడి ఉంది.

వహీద్ బానెట్ మీద చెయ్యి పెట్టాడు. ఎండకు రేకు కాలుతోంది. చెయ్యి ఏమీ చెప్పలేదు. బానెట్ ఎత్తి మూత విప్పాడు. నీళ్లు కొద్దిగా తగ్గి ఉన్నాయి. డబ్బా కోసం డిక్కీ వైపు తిరిగాడు.

లక్ష్మీనర్సమ్మ ఎదురుగా నిలబడి ఉంది. నెత్తిన కొంగు, చేతుల్లో నిండు కుండ. ఏడాది తరువాత.

ఆమె అతని ముఖం చూడలేదు. కుండ ముందుకు చాచింది. అంచు మీదుగా నీళ్లు తొణికాయి.

వీధిలో ఆ రోజు వేరే ఇంటివాళ్ల పడుగు ఆరుతోంది. పంచ పక్కన కుండలు వరుసగా ఉన్నాయి. వహీద్ వాటిని చూశాడు. ఆమె చేతిలోని కుండను చూశాడు. వద్దంటే ఆమె తెచ్చిన శకునాన్ని తోసేసినట్టు. ఏముందని అడిగితే ఆమె ఎందుకని అడుగుతుంది. పుచ్చుకుని కళ్లు మూసుకుని పోస్తే...

అతను కుండ అందుకుని పైకెత్తి, ముందు తన నోట్లో పోసుకున్నాడు. రెండు గుటకలు మింగాడు. చప్పటి నీళ్లు. ఆ ఊరి నీళ్లు, కొంచెం ఉప్పగా.

"దూపయితాందా బిడ్డా?" అంది లక్ష్మీనర్సమ్మ. "తాగు తాగు. ఇంకో కుండ తెస్త."

"సాలు అవ్వా," అన్నాడు. మిగిలినవి రేడియేటరులో పోసి, మూత బిగించి, ఖాళీ కుండ ఆమె చేతికిచ్చాడు.

"నిండుగ పోయి..." అని ఆమె ఆగిపోయింది. కోడలి పక్కన వెనక సీట్లో ఎక్కి కూర్చుంది.

అద్దాలన్నీ దించి ఉన్నాయి. లోపలికి వచ్చే గాలి కూడా వేడిదే. సిద్దిరాములు ముందు కూర్చుని ముల్లునే చూస్తున్నాడు. వహీద్ రోడ్డును చూస్తూ ముల్లును చూశాడు. చిట్యాల. ముల్లు సగం. దశరథం షెడ్డు ముందు నిలబడి చెయ్యెత్తాడు. నార్కెట్‌పల్లి. సగం దాటి ఒక గింజంత. చెరువుగట్టు కనిపించింది. అదే వంపు, అవే రాళ్లు. వహీద్ కాలు తనకు తెలియకుండానే బ్రేకు వైపు పోయింది. ఆపి ఒక్కసారి చెయ్యి పెట్టి చూడాలి.

"ఆపకన్నా," అంది ఆండాళు వెనక నుంచి. పళ్ల మధ్య నుంచి వచ్చింది మాట. "ఈడ ఆపకు."

వహీద్ కాలు తీశాడు. రాళ్లు వెనక్కి పోయాయి. లక్ష్మీనర్సమ్మ కొంగు నోట్లో కుక్కుకుని అటు చూడకుండా కూర్చుంది. ముల్లు ఇంకో గింజ ఎక్కింది. అక్కడ నిలిచింది.

దవాఖాన గేటు ముందు కారు ఆగినప్పుడు ఇంజను ఆపడం వహీద్ మరిచిపోయాడు. స్ట్రెచరు లోపలికి పోయాక కూడా అది నడుస్తూనే ఉంది.

ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. చిన్నది. కానీ వరండా చివర బెంచీ దాకా ఏడుపు వినిపించింది. తల్లి ప్రాణానికి భయం లేదని నర్సు చెప్పి పోయింది. సిద్దిరాములు గోడకు ఒరిగి అట్లాగే కిందికి జారి కూర్చున్నాడు.

లక్ష్మీనర్సమ్మ వచ్చి వహీద్ పక్కన, బెంచీ రెండో చివర కూర్చుంది.

"నా నోరు మంచిది గాదురా," అంది.

వహీద్ చెయ్యి జేబులో ఉంది. పోగు వేళ్లకు తగిలింది.

"ఏడాది సంది అన్న. నువ్వు ఒక్కనాడు తిరిగి అనలే. చెయ్యి కాలినోన్ని పట్టుకొని అన్న. అసలు గా పొద్దు ఏమయ్యింది బిడ్డా? గంత మంచి మోటరు, గట్లెట్ల కాగింది?"

ఆమె నిజంగానే అడుగుతోంది. లోపల పసిపిల్ల ఏడుస్తోంది. ఆమె చెవి సగం అటే ఉంది. వహీద్ జేబులోంచి చెయ్యి తీశాడు. ఖాళీ చెయ్యి.

"లోపట గొట్టాలు పూడినయి అవ్వా. నేను సూసుకోలే. ఇప్పుడు సాఫయినయి."

"ఎట్ల పూడినయి?"

"మన నీళ్ల సంగతి నీకెరుకే గద," అన్నాడు.

ఆమె తల ఊపింది. తన మోకాళ్లు నిమురుకుంది. "పాడు నీళ్లు," అంది. "ఎవరినీ ఇడిసిపెట్టవు."

ఆ సాయంత్రం వహీద్ ఒక్కడే తిరిగి వచ్చాడు. తల్లీబిడ్డలకు పాత చీరలూ, గుడ్డలూ తీసుకుని మరునాడు వెళ్లాలి. అతని ముఖం చూసి రబియా, "చెప్పినవా?" అని అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడు. అతనికి తేలికగా లేదు. చెప్పనందుకు తేలిక అవుతుందని అనుకున్నవాడూ కాదు. రేపు లక్ష్మీనర్సమ్మ ఇంటికి వస్తుంది. మళ్లీ నిండు కుండతో ఎదురు వస్తుంది. ప్రతిసారీ తను దూప అని చెప్పి తాగి చూడలేడు.

మరునాడు పొద్దున వహీద్ అందరికంటే ముందు లేచాడు. రబియా మూలన పెట్టిన కొత్త కుండ ఒకటి బయటికి తెచ్చి, ఆకు సున్నం తడిపి, దాని మెడ చుట్టూ రెండు వేళ్ల వెడల్పున తెల్లటి పట్టీ రాశాడు. సున్నం ఆరేదాకా గట్టు మీద కూర్చున్నాడు. తరువాత బోరింగు దగ్గర కొట్టుకుని నింపుకొచ్చాడు. సిద్దిరాములు పంచ కింద గంజి కుండలను గోడ వైపు జరిపి, కారు వైపు ఒక రాయి వేసి, దాని మీద ఆ కుండ పెట్టి, మూత పెట్టాడు.

కొట్టంలో మగ్గం కింద తెగిన పోగుల కుప్ప ఉంది. పసుపు, నీలం, ఎరుపు. జేబులోని పోగు తీసి అందులో వేశాడు.

వీధిలో పక్కింటివాళ్లు పడుగు పరచడం మొదలుపెట్టారు. కుంచె పట్టుకున్న ముసలాయన బాలయ్య ఆగి, తెల్ల పట్టీ కుండను చూశాడు.

"గదేం కుండ భాయ్?"

"మోటరు కుండ," అన్నాడు వహీద్. "మీ కుండలు మీవే, దీని కుండ దీనిదే. అవ్వ వస్తే గట్లనే చెప్పు. దీంట్లకెళ్లే ఎదురు తెమ్మను."

బట్టల మూట వెనక సీట్లో పెట్టాడు. బానెట్ మీద చెయ్యి పెట్టాడు. తడి పోగుల మీద దుమ్ము లేవకుండా, ఒక చెయ్యి తలుపు మీద, ఒక చెయ్యి స్టీరింగు మీద పెట్టి, కారును వాడ చివరి దాకా నెట్టుకుంటూ పోయాడు.